భటులు 'అదరిపడన్' అనా, 'అరుదుపడన్' అనా?

నీటిముల్లు:
గజేంద్ర మోక్షంలో కరి మకరి కందం మూడు రోజులుగా నోట్లో నానుతోంది. చివరి పాదం దగ్గరికి వచ్చేసరికి తడబడుతున్నాను.

కరిఁ దిగుచు మకరి సరసికిఁ
గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్
గరికి మకరి మకరికిఁ గరి
భర మనుచును నతల కుతల భటు ల...

ఇక్కణ్ణించి నా నోటికి 'అదరిపడన్' అని వస్తోంది. పుస్తకం చేతిలో లేదు. నేనొక భయానక కథ రాస్తున్నాను. నీళ్ళలో ఉండే ప్రాణి, కథ సగం దాటినా దాని ఒళ్ళు ఎవరికీ కనబడదు. కథకి పైన ఈ ఆఖరి పాదం పెట్టాలని ఆశ. చూసిన వీరులే అదరిపడ్డారంటే నాకు అతికినట్టు సరిపోతుంది. పాఠం ఖాయం చెయ్యగలరా?

గణయతిప్రాస:
'అరుదుపడన్' అండీ. అయితే మీ నాలుకని తప్పుపట్టలేను. భటులరు-దుపడన్, భటులద-రిపడన్, రెండూ నల-స గణాలే (నాలుగు లఘువులు, తరవాత రెండు లఘువులూ ఒక గురువూ). యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కలవాల్సిన అక్షరం) భ-భ ఎలాగూ ముందే కుదిరింది. పాదాంతపు గురువులు తప్ప పద్యమంతా లఘువులే కాబట్టి ఏ మూడు లఘువులు పెట్టినా నడుస్తుంది. ఛందస్సు సాక్ష్యానికి రాదు.

పాతబీరువా:
నా దగ్గరున్న అచ్చుప్రతిలో 'అరుదుపడన్' అనే ఉంది. అరుదు అంటే ఇక్కడ ఆశ్చర్యం. మనం ఇప్పుడు 'అరుదుగా కనిపిస్తాడు' అంటున్నామే, ఆ అర్థం కాదు. కాబట్టి మీ భటులు బెదరలేదమ్మా, ముక్కున వేలేసుకున్నారు.

ఛందస్సు సాక్ష్యానికి రాకపోతే మూలం వస్తుంది. సంస్కృత భాగవతంలో ఇదే ఘట్టంలో వెయ్యేళ్ళు పోరాడారని చెప్పి 'చిత్రమమంసతామరాః' అన్నాడు. దేవతలు చిత్రమనుకున్నారు అని. చిత్రానికి అరుదు సరైన తెలుగు. ఇక చర్చ అక్కర్లేదనుకుంటాను.

నీటిముల్లు:
అక్కర్లేదంటారేమండీ, నా కథ ఏం కావాలి! మూలంలో చూసినవాళ్ళు అమరులు. చావు లేనివాళ్ళకి మొసలైనా ఒకటే, తామరాకైనా ఒకటే. వాళ్ళు చిత్రమనుకుంటారు, ఇంటికి పోతారు. పోతన ఆ అమరుల్ని తీసేసి భటుల్ని పెట్టాడు. భటుడికి ప్రాణం ఉంది. చూసేవాణ్ణి మార్చినవాడు చూపు మార్చడా?

సీసమాలిక:
మాట బాగుంది. కానీ పోతనకి భయం చెప్పాలని ఉన్నచోట భయమనే చెప్పాడు, మొహమాటపడలేదు. మొసలి వచ్చే సీసం తియ్యండి. 'భువన భయంకర ఫూత్కార రవమున ఘోర నక్రగ్రాహ కోటి బెగడ.' తోటి మొసళ్ళే బెగడాయి! ఆ మాట కందంలోనూ వాడుకోవచ్చు, వాడలేదు.

తిక్కన పక్షం:
భయమంటే పోతన దగ్గరికి వెళ్ళడమేమిటి? భక్తుడి రాక్షసుడికి కోరలుంటాయి గానీ ఆఖర్న విష్ణువు వస్తాడని పాఠకుడికి ముందే తెలుసు. భయం కావాలంటే విరాటపర్వం చదవండి. కీచకుడి కాళ్ళూ చేతులూ తలా మొండెంలోకి కుక్కేసి వదిలాడు భీముడు. చూసినవాళ్ళకి అది మనిషో మాంసపు ముద్దో తెలియదు. చంపింది ఎవరయ్యా అంటే కనబడని గంధర్వులు. ఉన్నారో లేరో తెలియని ఆ అయిదుగురికి రాజూ రాణీ ఊరూ హడలిపోయారు. అక్కడ రాక్షసుడే లేడు, వాడి పని మాత్రం నర్తనశాలలో పడి ఉంది.

సీసమాలిక:
అది బీభత్సం, భయానకం కాదు. భరతుడు రెంటికీ వేరువేరు స్థాయీభావాలు (రసానికి మూలమైన భావాలు) చెప్పాడు, ఒకదానికి జుగుప్స, ఒకదానికి భయం.

తిక్కన పక్షం:
శవం దగ్గర బీభత్సం, గంధర్వుల దగ్గర భయానకం. రెండూ ఒకే ఘట్టంలో. తెలుగులో ఈ రెంటినీ కలిపి చెప్పే మాట ఒకటుంది, కంపరం. సింహాన్ని చూస్తే భయం వేస్తుంది, కంపరం పుట్టదు. సాలెపురుగు మనల్ని ఏమీ చెయ్యదు, అయినా కంపరం. కల్పిత రాక్షసుల్లో నిలిచేవాళ్ళందరూ ఈ రెండూ కలిసినవాళ్ళే. చంపగలగాలి, ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరించాలి.

పాతబీరువా:
అందుకే కబంధుడు. తల లేదు, మెడ లేదు, పొట్టలో నోరు, రొమ్ము మీద ఒంటి కన్ను, యోజనం పొడుగు చేతులు. కూర్చున్నచోటు నుంచి కదలడు, చేతులే వెళ్ళి తెస్తాయి. నాకు చిన్నప్పుడు నిద్ర పట్టనిచ్చేది కాదు ఆ కదలకపోవడం. ఇప్పుడు పేపర్ల పుణ్యమా అని 'కబంధ హస్తాలు' ఏ వ్యవహారానికి పడితే దానికి అంటగడుతున్నారు. అంత కంపరం పుట్టించే రాక్షసుణ్ణి శీర్షికల్లో పెట్టి పెట్టి అరగదీశారు.

గణయతిప్రాస:
మొసలి సీసంలో పోలిక రాహువుతో. 'భానుఁ గబళించి పట్టు స్వర్భాను పగిది.' రాహువు తల మాత్రమే, కబంధుడు మొండెం మాత్రమే. ఇద్దర్నీ కలిపి కుట్టేస్తే మామూలు మనిషొకడు తయారవుతాడు, ఎవరూ భయపడరు.

నీటిముల్లు:
:) ఇది కథలో వాడుకోవచ్చా?

గణయతిప్రాస:
వాడుకోండి. యతి మాత్రం గమనించండి, భాను-స్వర్భాను. సూర్యుడి పేరు మింగేవాడి పేరులోనే దాగుంది.

అరసున్న:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. మీరంతా 'అరుదు' దగ్గరే కూర్చున్నారు, అసలు కిటుకు 'అతల కుతల' లో ఉంది. కుతలం భూమి (కు అంటే భూమి). అతలం పాతాళాల్లో మొదటిది. అంటే భూమి మీది వీరులు గట్టున నిలబడి చూస్తున్నారు, అతలం వాళ్ళు ఎక్కణ్ణించి చూస్తున్నారు? కింద నుంచి! మడుగు అడుగు వాళ్ళకి పైకప్పు. గట్టున ఉన్నవాడికి ఏనుగు కనిపిస్తుంది, మొసలి కనబడదు. కింద ఉన్నవాడికి మొసలి పొట్టా, ఏనుగు కాలూ. 'గరికి మకరి మకరికిఁ గరి భర మనుచును' అని, అంటే ఏనుగుకి మొసలి భారమనీ మొసలికి ఏనుగు భారమనీ, రెండు మాటలెందుకొచ్చాయి మరి? గట్టువాళ్ళదొకటి, అడుగువాళ్ళదొకటి. మన 'అతలాకుతలం' పుట్టింది కూడా ఇక్కడే అని నా నమ్మకం.

పాతబీరువా:
మొదటి సగం అందంగా ఉంది, ఒప్పుకుంటాను, పోతన అంత దూరం అనుకున్నాడని మాత్రం అనను. రెండో సగం ఒప్పుకోను. జనం నోట్లో అతలాకుతలం అంటే తలకిందులు కావడం, గందరగోళం. పద్యంలో రెండు లోకాల పేర్లు. జనం మాట ముందే ఉండి, పోతన దాన్ని విరిచి శ్లేషగా ఆడుకున్నాడని ఎందుకు అనుకోకూడదు?

అరసున్న:
అనుకోవచ్చు. అప్పుడు నా వాదనకి ఇంకా బలం. వినేవాడి చెవిలో లోకాల పేర్లతో పాటు తలకిందులవడమూ మోగుతుంది.

పాతబీరువా:
ఏది చెప్పినా మీ వాదనకే బలమొస్తే అది వాదన కాదండీ, ఉడుంపట్టు.

నీటిముల్లు:
కింద నుంచి చూసేవాళ్ళు! అరసున్న గారూ, రాత్రి నిద్ర పోయింది నాది. కథలో బావి ఉంది, పైనుంచి తొంగిచూసేవాళ్ళ గురించే ఇంతవరకూ రాశాను.

బండి ఱ:
'కరకరి' ఎవరూ పట్టించుకోలేదు. కఱకు నుంచి వచ్చినదైతే కఱకఱి అని బండి ఱ ఉండాలి. ప్రాసస్థానం (పాదంలో రెండో అక్షరం) కాదు కాబట్టి ప్రాస పట్టివ్వదు. అచ్చువేసినవాళ్ళు పక్కనున్న కరి, మకరి చూసి సాధురేఫ (మామూలు ర) వేసేశారని నా అనుమానం. ఱ పెట్టి చదవండి, పళ్ళు కొరికిన చప్పుడు వస్తుంది. రాక్షసత్వం ఆ అక్షరంలో ఉంది.

సీసమాలిక:
మీరు ప్రతి చర్చలోనూ ఇదే అంటారు మాస్టారూ. ఇక్కడ కరి, మకరి, కరకరి అని ఒకే రేఫ తిప్పడమే ఆట. ఱ పెడితే ఆట చెడుతుంది.

బండి ఱ:
చెడనివ్వండి.

సీసమాలిక:
నీటిముల్లు గారికి ఒక మాట. మీకు కావలసిన భయం కందంలో లేదు. కందం వచ్చేసరికి పోరు మొదలైపోయింది, ఇద్దరు మల్లుల కుస్తీ అది. కుస్తీ చూసేవాడు ఆశ్చర్యపోతాడు, పందెం కాస్తాడు. భయం అంతకుముందే, సీసంలో అయిపోయింది. నాలుగు పాదాలూ వరసగా చూడండి. మొదట ఏమొచ్చింది? 'భుగభుగాయిత భూరి బుద్బుదచ్ఛటలతోఁ గదలుచు దివికి భంగంబు లెగయ.' బుడగలు, అలలు. తరవాత బుస. తరవాత తోక విసురుకి పుట్టిన గాలి, సుడిగుండం. తరవాత అలల తాకిడికి గట్టున చెట్లు వేళ్ళతో సహా కూలడం. ఇంతవరకూ ఇదంతా చేస్తున్న మొసలి ప్రసక్తే లేదు. ఎత్తుగీతిలో (సీసం చివర వచ్చే చిన్న పద్యంలో) క్రియలు గుంపుగా వస్తాయి, పొడగని, సంభ్రమించి, కుప్పించి, లంఘించి, హుంకరించి. ఎవరు? చెప్పడు. ఆఖరి పాదంలో, 'నొక్క మకరేంద్రుఁ డిభరాజు నొడిసిపట్టె.' కర్త వచ్చేసరికే కాలు దొరికిపోయింది.

మూలంలో ఇదంతా లేదు. బలమైన మొసలి ఒకటి కోపంతో కాలు పట్టింది, అంతే. ఈ బుడగలన్నీ మన పోతనవి.

తిక్కన పక్షం:
ఇది నేను ముందే చెప్పాను. రాక్షసుడు కనబడకూడదు, వాడి పని కనబడాలి. పోతన తిక్కన దగ్గర నేర్చుకున్నాడన్నమాట.

సీసమాలిక:
బుడగలు కూడా తిక్కనవేనా ఇక!

పాతబీరువా:
ఈ సీసం మొత్తంలో మొసలి పళ్ళ గురించి ఒక్క మాట లేదు, ఇప్పుడే చూసుకున్నాను. మామూలుగా రాక్షసుడనగానే కవులు కోరలు, మిడిగుడ్లు, ఎర్రజుట్టు, అట్టహాసం అని పట్టీ రాసుకుంటూ పోతారు. ఆ పట్టీ చదివి బెదిరినవాణ్ణి నేను చూడలేదు. కొలతలు తెలిసిపోయాక రాక్షసుడు పెద్ద జంతువు, అంతకుమించి కాదు. పిల్లల్ని బెదిరించడానికి వాడే బూచికి కోరలున్నాయో లేదో ఎవరైనా చెప్పగలరా? రూపం లేదు, అందుకే తరాలు తిరిగినా ఉద్యోగం ఊడలేదు.

అరసున్న:
బూచి భూతం నుంచి వచ్చిందనేవాళ్ళున్నారు. నాకు మాత్రం అరవం పూచ్చితో చుట్టరికం కనిపిస్తుంది. పూచ్చి అంటే పురుగు, పూచ్చాండి అంటే బూచాడు. తిక్కన పక్షం గారి సాలెపురుగు కంపరం దగ్గరికే వచ్చాం మళ్ళీ.

పాతబీరువా:
బూచికి వేరే చర్చ పెట్టండి, పుణ్యముంటుంది.

గణయతిప్రాస:
భయం సీసంలో అయిపోయిందన్న మాట సగమే నిజం. శార్దూల పద్యం మరిచారు. 'పాదద్వంద్వము నేల మోపి పవనుం బంధించి...' మొసలిని యోగీంద్రుడితో పోల్చాడు! ఊపిరి బిగబట్టి, ఇంద్రియాల్ని అణచి, బ్రహ్మపదం మీద మనసు నిలిపిన యోగిలాగా ఏనుగు పాదం మీద నిలిచిందట. గుడికట్టినట్టున్న పోలిక. మొసలి పట్టు అంతకంటే బాగా ఎవరు చెబుతారు? దానికి పగ లేదు, తొందర లేదు, ఏకాగ్రత ఉంది. బతిమాలడానికి లోపల ఎవరూ లేరు. పైగా నీళ్ళు దానిల్లు, ఏనుగు రోజురోజుకీ అలుస్తుంది, అది రోజురోజుకీ బలుస్తుంది. సీసంలో మొసలి అరిచింది కాబట్టి ఉలికిపడతాం. ఇక్కడ అరవడం మానేసింది. నన్నడిగితే దీనికే ఒళ్ళు చల్లబడాలి.

నీటిముల్లు:
ఆ శార్దూలం నాలుగు పాదాలూ నాకు నోటికొచ్చు. ఒక్కసారీ భయపడలేదు, యోగి అనగానే భక్తితో చదివేసేదాన్ని.

సరే, నా ప్రాణికి అరుపు తీసేస్తున్నాను. బావిలో నీళ్ళు కదలకుండా ఉండగా ఒక బుడగ లేచి, పగిలి, చాలాసేపు ఇంకోటి రాకపోవడంతో మొదలుపెట్టాను. పైన పెట్టే పాదం మాత్రం ఇంకా తేలలేదు. అదరిపడన్ అని నాకెందుకు గుర్తుంది? ఎక్కడో విన్నాను, కల్పించుకోలేదు.

గణయతిప్రాస:
దానికో ఊహ ఉంది. సీసం ఎత్తుగీతిలో 'సరసిలోనుండి పొడగని సంభ్రమించి యుదరి కుప్పించి' అని వస్తుంది. ఉదరి అంటే ఉలికిపడి, అదిరి. ఆ ఉదరి మీ నోట్లో అదరి అయి, కందంలోకి దూకింది. సీసంలో మాత్రం అదరి కుదరదు, యతిస్థానంలో హుంకరించి ఉంది, ఉ-హు కలవాలి. అక్కడ ఛందస్సు సాక్ష్యం చెబుతుంది.

పాతబీరువా:
ఉదరి అంటే పెద్ద పొట్ట ఉన్నదని ఒకాయన ఉపన్యాసంలో చెప్పగా విన్నాను. నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను. మొత్తానికి తేలింది కదా. నీటిముల్లు గారి పాఠం కలగాపులగం, నా అచ్చు ఖాయం.

అరసున్న:
ఆగండి. ఉదరి సీసం నుంచి కందంలోకి దూకగలిగితే, దారిలో అదరిగా మారనే అక్కర్లేదు. 'భటు లుదరిపడన్.' భటులుద-రిపడన్. గణాలు చూడండి, సరిగ్గా కూర్చుంది.

గణయతిప్రాస:
...కూర్చుంది.

పాతబీరువా:
ఏ అచ్చులో ఉందండీ అది?

అరసున్న:
మీ బీరువాలో ఇంకో అచ్చు ఉందన్నారు కదా మొన్న, అట్టలేనిది. అందులో ఒక్కసారి చూసి చెప్పండి.