డయాఫ్రమ్ పేసర్‌తో ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

ప్రశ్న: తమ్ముడికి అక్క

నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. బండి యాక్సిడెంట్‌లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. సీ2 అంటున్నారు, అంటే మెడలో రెండో ఎముక దగ్గర. తొమ్మిది నెలలుగా గొంతులో గొట్టం, పక్కన వెంటిలేటర్. మాట రాదు, ఏదైనా కళ్లతోనే చెబుతాడు. నిన్న డాక్టర్‌గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు "డయాఫ్రమ్ పేసర్ గురించి ఆలోచించండి" అని చెప్పి వెళ్లారు. డయాఫ్రమ్ అంటే ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి లాగే కండరమట. ఇది గుండెకు పెట్టే పేస్‌మేకర్ లాంటిదేనా? పెట్టిన రోజు నుంచే వెంటిలేటర్ తీసేయొచ్చా? దానితో బతుకుతున్నవాళ్ల నోటి నుంచే వినాలని ఉంది. రాత్రంతా ఇదే టెన్షన్, నిద్ర లేదు.

జవాబు: ఆరేళ్లుగా పేసర్‌తో

అక్కా, నాదీ సీ2 దెబ్బే. నేను చెబుతుంటే నా భార్య టైప్ చేస్తోంది. పేసర్ నాకు నిమిషానికి 12 సార్లు ఊపిరి తీయిస్తుంది. అంటే ఐదు సెకన్లకోసారి నా మాట ఆగుతుంది. అందుకే చిన్న చిన్న ముక్కలుగా చెబుతున్నాను.

ఆపరేషన్ అయిన రోజు ఏమీ మారదు. ముందే తెలిస్తే మీరు నిరాశపడరని చెబుతున్నాను. నాకు కుట్లు మానేదాకా రెండు వారాలు పేసర్ ఆన్ కూడా చేయలేదు.

ఊపిరి తీసుకోమని మెదడు పంపే కబురు మెడలో మూడు, నాలుగు, ఐదు నంబర్ల దగ్గర వెన్నుపాము నుంచి బయటికొచ్చి, ఫ్రెనిక్ నరాల మీదుగా డయాఫ్రమ్‌కి చేరుతుంది. మనవాళ్లకు దెబ్బ దానికి పైన తగిలింది. కబురు కిందికి రాదు. కింద నరం, కండరం మాత్రం బతికే ఉండొచ్చు. అవి బతికి ఉంటే ఆ కబురు పేసర్ పంపుతుంది. అందుకే మొట్టమొదట అడగాల్సింది నరం పరీక్ష. మెడ దగ్గర చిన్న కరెంటు ఇచ్చి డయాఫ్రమ్ కదులుతుందో లేదో చూస్తారు. ఆ ఫలితం చేతికి రాకుండా ఆపరేషన్ తేదీకి ఒప్పుకోకండి. నరం చచ్చిపోయి ఉంటే పేసర్ పెట్టినా లాభం లేదు.

గుండె పేస్‌మేకర్‌కి బ్యాటరీ లోపలే ఉంటుంది. నాకు లోపల బ్యాటరీ లేదు. రెండు వైపులా నరాలకు ఎలక్ట్రోడ్లు, చర్మం కింద రెండు చిన్న రిసీవర్లు, అంతే. వాటి పైన చర్మానికి గుండ్రటి యాంటెన్నాలు టేపుతో అంటిస్తారు. వాటి వైర్లు నడుము దగ్గర ఉండే పెట్టెకు వెళ్తాయి. బ్యాటరీలు ఆ పెట్టెలోనే. ఇంకో రకం కూడా ఉంది. పొట్టకు చిన్న రంధ్రాలు చేసి ఎలక్ట్రోడ్లను నేరుగా డయాఫ్రమ్ కండరంలోనే గుచ్చుతారు, వైర్లు చర్మం లోంచి బయటికి వస్తాయి. నటుడు క్రిస్టఫర్ రీవ్‌కి 2003లో పెట్టింది ఆ రకమే. మీ డాక్టర్‌గారు ఏది అనుకుంటున్నారో అడగండి, రోజూ చూసుకునే పద్ధతి వేరుగా ఉంటుంది.

అసలు కష్టం శిక్షణ. నెలల తరబడి పని లేని కండరం పలచబడిపోతుంది. నాకు మొదట గంటకు పది నిమిషాలు మాత్రమే ఆన్ చేశారు. పదో నిమిషానికే ఊపిరి చిన్నదైపోయేది. వారం వారం కొంచెం పెంచుకుంటూ పోయారు. అలా చేస్తేనే తొందరగా అలసిపోయే కండరం నెమ్మదిగా ఓర్చుకునే కండరంగా మారుతుందట. పగలంతా దాని మీదే ఉండటానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మూడో వారంలో నేనే తొందరపడి "ఇంకో అరగంట ఉంచండి" అని పట్టుబట్టాను. మర్నాడు కండరం సరిగా లాగలేదు, రెండు రోజులు వెనక్కి పోయాం. తమ్ముడు అడిగినా సరే, మీరు పెంచకండి.

వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది. పేసర్‌తో డయాఫ్రమ్ కిందికి దిగి గాలిని లాగుతుంది, అందరికీ జరిగినట్టే. పగలు గొట్టానికి మూత పెడతాం కాబట్టి గాలి ముక్కులోంచి వస్తుంది. మూత పెట్టిన మొదటి రోజు నా భార్య మొహం తుడుస్తుంటే ఆమె చేతుల సబ్బు వాసన వచ్చింది. ఏడాదికి పైగా నాకు ఏ వాసనా తెలియలేదు అక్కా. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం.

వెంటిలేటర్‌ని మాత్రం ఇంట్లోంచి పంపేయకండి. అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి, చేతికి అందేలా ఉండాలి. పేసర్ కబురు పంపుతుంది, గాలి నిజంగా లోపలికి వెళ్లిందో లేదో దానికి తెలియదు. ఒక రాత్రి కుడి యాంటెన్నా వైరు లోపల తెగింది. బయటికి ఏమీ కనిపించలేదు, పెట్టె మీద లైటు వెలుగుతూనే ఉంది. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 86 చూపించి మోగింది, అప్పుడు నా భార్య లేచింది. రెండు వైపులూ వేర్వేరుగా పనిచేస్తాయి కాబట్టి ఎడమ వైపు నన్ను నిలబెట్టింది. అప్పటి నుంచి రెండు యాంటెన్నాలు అదనంగా మంచం పక్కనే ఉంటాయి.

కూర్చున్నప్పుడు ఊపిరి చిన్నదవుతుంది, పొట్టకు బెల్టు కడితే తేడా తెలుస్తుంది. దగ్గు పేసర్‌తో రాదు, కఫాన్ని సన్న గొట్టంతో లాగేయడం (సక్షన్) తప్పదు. నా మోడల్‌తో ఎమ్మారై చేయరు. తీయించాల్సినవి ఉంటే ముందే అడిగి తీయించేయండి.

జవాబు: పాప వాళ్ల అమ్మ

మా పాపకు పుట్టుకతోనే సమస్య, సీసీహెచ్‌ఎస్ అంటారు. ఫాక్స్‌2బి అనే జన్యువులో తేడా. నిద్రపోతే ఊపిరి తీసుకోవాలన్న కబురే మెదడు నుంచి సరిగా రాదు. తనకూ పేసర్ ఉంది. రోజుకు 12 నుంచి 15 గంటలు దాటనివ్వం. మాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెబుతాను. గొంతు గొట్టం తీసేశాక నిద్రలో పేసర్ గాలిని లాగుతుంటే గొంతు మూసుకుపోయేది, ఛాతీ లోపలికి పోయేది. గొంతులో గాలి దారిని తెరిచి ఉంచే కండరాలకు పేసర్ కబురు పంపదు కదా. నిద్రలో పరీక్ష చేయించి సెట్టింగ్ తగ్గించాక సర్దుకుంది. గొట్టం తీసేద్దాం అని ఎవరన్నా తొందరపడకండి.

జవాబు: నాన్న కోసం

మా నాన్నగారికి ఏఎల్‌ఎస్, కండరాలను నడిపే నరాలు మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు. ఆయనకు పనికొస్తుందా?

జవాబు: ఆరేళ్లుగా పేసర్‌తో

బాబూ, ఈ మాట చెప్పడం నాకు బాధగానే ఉంది. బ్రిటన్‌లో ఏఎల్‌ఎస్ వాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. మొహానికి మాస్కు పెట్టి ఊపిరికి సాయం చేసే మెషీన్‌తో పాటు పేసర్ కూడా పెట్టినవాళ్లు, మాస్కు మాత్రమే వాడినవాళ్ల కన్నా తక్కువ కాలం బతికారు. ఆ జబ్బులో నరమే పోతూ ఉంటుంది. మాకు జరిగింది చూసి ఆయనకు ఆశ పెట్టకండి. మాస్కు గురించి డాక్టర్‌తో త్వరగా మాట్లాడండి.

జవాబు: తమ్ముడికి అక్క

అన్నా, అమ్మా, ఇద్దరికీ దండాలు. నరం పరీక్ష గురించి ఈ పొద్దున అడిగాను, గురువారం చేస్తామన్నారు. మీరు రాసినదంతా తమ్ముడికి చదివి వినిపించాను. నాలుగు నెలలు పట్టింది అన్న దగ్గర కళ్లు మూసుకున్నాడు. సబ్బు వాసన దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమని సైగ చేశాడు. మూడుసార్లు చదివాను.