మంచివాడూ, చెడ్డవాడూ, మూడోవాడూ

పాతపుస్తకం: సెర్జియో లియోనే 1966లో తీసిన ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ సినిమా పేరును మా తెలుగు మాస్టారు తరగతిలో రాగం తీస్తూ తెనిగించేవారు. ‘మంచివాడూ చెడ్డవాడూ’ దాకా జ్ఞాపకముంది; మూడో మాట ‘అనాకారి’యో ‘వికారి’యో తేలక నాలుగు రోజులుగా వేధిస్తోంది.

పదశోధకుడు: ‘వికారి’యే అయి ఉండాలి. వికారమంటే మార్పు, పూటకోసారి నేస్తంగానూ పగవాడుగానూ మారే ఆ సినిమాలోని మూడోవాడు టూకోకు అంతకన్నా తగిన పేరు లేదు. ‘అనాకారి’ అంటే ఆకారమే లేనివాడు.

వాడుకభాష: వ్యుత్పత్తి ఏదైనా, మా ఇళ్ళలో అనాకారి అంటే అందంలేనివాడే.

పదశోధకుడు: అందం ప్రసక్తి ఇక్కడ లేదు. ఆ పాత్రకు మొదట జియాన్ మరియా వొలాంతేను అనుకున్న లియోనే, ‘హౌ ది వెస్ట్ వాజ్ వన్’లో ఈలై వాలక్ చూపిన హాస్యధోరణికి ఆకర్షితుడై ఆయనను తీసుకున్నాడు తప్ప ముఖం చూసి కాదు.

రోమువాసి: అసలు వరుసే వేరండీ. ఇటాలియన్ పేరులో ‘బ్రూత్తో’, అనగా అగ్లీ, నడుమ వస్తుంది, ‘కత్తీవో’ చివర. ఆ తికమకవల్లనే ఇంగ్లీషు ట్రైలర్‌లో టూకో ‘బ్యాడ్’ అయ్యాడు, చెడ్డవాడి వేషం వేసిన లీ వాన్ క్లీఫ్ ‘అగ్లీ’ అయ్యాడు. వాన్ క్లీఫ్ పాత్రకైతే మొదట చార్లెస్ బ్రాన్సన్‌ను అడిగారు. ఆయన ‘ది డర్టీ డజన్’కు ఒప్పుకొని ఉన్నాడు. ఒక్క మాట అపార్థమై, కెమెరాలు తిరగకముందే స్పెయిన్ సైన్యాధికారి వంతెన పేల్చివేయగా మళ్ళీ కట్టవలసి వచ్చిన చిత్రమిది. పేరు తారుమారు కావడంలో వింతేమీ లేదు.

ముత్యాలసరం: మాస్టారు రాగం తీశారన్న సంగతిని అందరూ వదిలేశారు. ‘మంచివాడూ చెడ్డవాడూ’ అన్నది మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలతో అచ్చంగా గురజాడ నడక. ‘మంచి చెడ్డలు’ అని ఎత్తుకున్న ఆయన ‘రెండె కులములు’ అంటూ ‘డె’ను హ్రస్వం చేసింది ఆ లెక్క కోసమే, ఎందరో ‘రెండే’ అని చదివి పాదాన్ని కుంటిస్తారు. ఆ నడకలో ‘అనాకారీ’ మూడు, నాలుగుగా ఇముడుతుంది, ‘వికారీ’ ఇమడదు.

పదశోధకుడు: దీర్ఘం మీరు చేర్చినది. ‘అదిగొ వికారి’ అన్నా ఏడు మాత్రలే కదా!

పాతపుస్తకం: ‘అదిగొ’ అన్నట్టు గుర్తులేదు. చివర ‘రి’ వినిపించడం మాత్రం ఖాయం. అది ‘రీ’యా అంటే, సరిగ్గా అప్పుడే గంట కొట్టేవారు.