ఫాస్టాగ్‌లో డబ్బులుండాయి, టోల్ గేటు మిషన్ చదవలా. డబల్ ఎవురు కట్టాల?

చింతచెట్టు_కాడ (చిత్తూరు):
పోయిన వారం మా అమ్మని వేలూరు ఆసుపత్రికి తీసుకోని పోతా ఉంటే దారిలో ఒక టోల్ గేటు కాడ (పేరు వద్దులే) గేటు లేవలా. ఎనక్కి రా, ముందుకి పో అంటే అదీ చేస్తి, ఊహూ. ఒక పిల్లోడు చేతి మిషన్ తెచ్చి అద్దానికి రెండుసార్లు ఆనించి "బ్లాక్‌లిస్ట్, అంటే ఆపేసిన ట్యాగ్ అని చూపిస్తాంది సార్, క్యాష్ ఇయ్యండి" అన్నాడు. ఫోన్‌లో 640 బ్యాలెన్స్ చూపిస్తే "మీ బ్యాంకోళ్ళతో మాట్లాడుకోండి" అంట. ఎనకాల బస్సోడు హారన్ మీద చెయ్యి తీయడు, అమ్మేమో "ఇచ్చేయ్ రా, టోకెన్ టైం అయిపోతాది" అంటాది. 85 పొయ్యే కాడ 170 ఇచ్చి పోయినాం. సాయంత్రం తిరిగొస్తే అదే గేటు కాడ అదే ట్యాగ్ టక్కున చదివేసింది! దానికీ ఫుల్ రేటే. 24 గంటల్లో తిరిగొస్తే సగమే కదా పడాల్సింది, కానీ పొద్దున పోయింది ట్యాగ్ లెక్కలో లేదు గదా. ట్యాగ్ లేనోడికి వేసే డబల్ ట్యాగ్ ఉన్నోడికెందుకు అని అడగతా ఉండా.

లేన్_నంబర్_4:
నేను మూడేండ్లు బూత్‌లో చేసినా. ఒక్క రేత్రి కూర్చోని చూడండి తెలస్తాది. ట్యాగ్ అంటించకుండా చేత్తో ఊపేవాళ్ళు, కారు ట్యాగ్‌తో లారీ తోలుకొచ్చేవాళ్ళు, బ్యాలెన్స్ లేకుండానే వచ్చి "మీ మిషన్ పాడు" అని మీదికొచ్చేవాళ్ళు. చదవకపోతే ఊరికే వదలాలంటే రేపట్నుంచి ఎవురి ట్యాగూ చదవదు సామీ.

ఎల్లో_బోర్డు (తిరుపతి):
ఊరికే వదలాలని రూలే ఉండాదన్నా. 2018లోనే గెజిట్ వచ్చింది. ట్యాగ్ బాగుండి, డబ్బులుండి, గేటోళ్ళ మిషన్ వల్ల కట్ కాకపోతే పైసా తీసుకోకుండా పంపించాల, సున్నా రూపాయల రసీదు కూడా ఇయ్యాల. నేను వారానికి నాలుగుసార్లు చెన్నై ఎయిర్‌పోర్టుకి పోతా, ఆ సున్నా రసీదు ఎట్లుంటాదో ఇంతవరకు చూసిన పాపాన పోలా. ఇంకోటి, 2025 ఆగస్టు 15 నుంచి 3000కి 200 ట్రిప్పుల పాస్ ఇచ్చినారే, అది సొంత కార్లకేనంట. రోజూ రోడ్డు మీద ఉండే మా ట్యాక్సీలకి లేదు, ఏడాదికి నాలుగుసార్లు అత్తగారింటికి పొయ్యేటోళ్ళకి ఉంది. ఇదేం న్యాయమప్పా.

లేన్_నంబర్_4:
ఆ రూలు గేటు మిషన్ పాడైతే. ఆయనకి వచ్చింది బ్లాక్‌లిస్ట్. అది మా చేతిలో ఉండదు.

అలిపిరి_మలుపు:
పాస్ అంటే గుర్తొచ్చింది, మా బావ పాస్ ఉందని దర్జాగా కొండకి పోతే అలిపిరిలో డబ్బులు కట్ అయినాయి. అది దేవస్థానం టోల్ బావా, హైవే పాస్ చెల్లదు అంటే వారం మాట్లాడలా నాతో. కానీ ఒకటి చెప్పాల, కొండకి ఫాస్టాగ్ తప్పనిసరి చేసినప్పుడు ట్యాగ్ లేనోళ్ళకి అక్కడే అంటించి పంపేదానికి కౌంటర్ పెట్టినారు. హైవే గేటు కాడ కూడా ముందు బాగుచేసి పంపండి, జరిమానా తర్వాత.

పాసుబుక్కు_బాబాయ్:
కొంచెం వివరం. గేటోళ్ళ బ్యాంకు వేరు, మీ ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు వేరు, మధ్యలో ఈ చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ. ఎవరి ట్యాగ్ ఆపాలన్న సమాచారం ఇట్లా చేతులు మారి గేటుకి చేరాల. బ్యాలెన్స్ ఉన్నా కేవైసీ పెండింగ్ ఉంటే కూడా ఆపేస్తారు. అయినా 2025 నవంబర్ 15 నుంచి యూపీఐతో కడితే డబల్ కాదు, ఒకటింపావే. ఎందుకు అడగలా మీరు?

చింతచెట్టు_కాడ:
అడిగినా బాబాయ్. క్యూఆర్ బోర్డు ఉండాది గానీ నెట్ లేదంట. కేవైసీ లోపమైతే సాయంత్రం ఎట్ల చదివింది మరి? నేను ఫ్రీగా వదలమనడంలా. నా బండి నంబరు కెమెరాలో పడింది, ఏ నిమిషంలో వచ్చినానో వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉండాది. సింగిల్ రేటు తీసుకోని పంపండి, తర్వాత రెండు బ్యాంకులూ తేల్చుకోని తప్పు నాదైతే మిగతా 85 నా ట్యాగ్‌లోంచే లాక్కోండి. ఆసుపత్రికి పోతా మధ్యదోవలో నేను నిరూపించుకోవాలంటే ఎట్ల?

లేన్_నంబర్_4:
ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ పిల్లోడి మీద అరిచి లాభం లేదు, స్క్రీన్ మీద వాడికి క్యాష్ అంటే డబల్, యూపీఐ అంటే ఒకటింపావు, మూడో బటన్ రాదు. అది పెట్టాల్సింది పైనోళ్ళు.

ఎల్లో_బోర్డు:
హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ కొట్టు అన్నా, కంప్లైంట్ రాసుకుంటారు. స్లిప్పు ఉండాది గదా?

చింతచెట్టు_కాడ:
ఉండాది. ఇప్పుడే కారులోంచి తెచ్చినా. డాష్‌బోర్డు మీద పెట్టింటే వారం ఎండకి తెల్లకాగితం అయిపోయింది, బండి నంబర్లో చివరి రెండంకెలు మాత్రం కనిపిస్తా ఉండాయి.