సీటీ 36.4 వచ్చింది, కల్చర్‌లో ఏమీ లేదు: పాజిటివ్ అని రాయాలా?

ల్యాబ్‌నోట్: చంక, గజ్జ స్వాబ్. కాండిడా ఆరిస్ (ఆసుపత్రుల్లో పాకే ఈస్ట్ రకం శిలీంధ్రం) కోసం రియల్‌టైమ్ పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు పెంచి పట్టే పరీక్ష) పెడితే ప్లేట్‌లోని రెండు బావుల్లో సీటీ (డీఎన్‌ఏ కనబడటానికి పట్టిన సైకిళ్లు; ఎక్కువైతే డీఎన్‌ఏ తక్కువని) 36.4, 36.9. మా కటాఫ్ 37, అంతకు తక్కువైతే పాజిటివ్. కల్చర్ (బతికున్న కణాల్ని పెంచి చూడటం) పెట్టి 5 రోజులైంది, ఏమీ రాలేదు. రిపోర్ట్ ఏమివ్వాలి?

శిలీంధ్రం: పాజిటివ్ అనకండి. పీసీఆర్‌కి చచ్చిన కణమైనా ఒకటే. పైగా ఐటీఎస్2 (పీసీఆర్ వెతికే డీఎన్‌ఏ ముక్క) ఒక్కో కణంలో చాలా కాపీలుంటుంది, కొద్ది కణాలకే కనబడుతుంది. క్లోర్‌హెక్సిడిన్‌తో (చర్మం మీది క్రిముల్ని చంపే మందు) తుడిచాక తీసిన స్వాబైతే మరీను.

పూసలు: ముందు డీఎన్‌ఏ ఎలా తీశారో చెప్పండి. ఈస్ట్ గోడ మొండిది, జిర్కోనియా పూసలతో గిలక్కొట్టాలి. డీఎన్‌ఏ పదో వంతే బయటికొస్తే సీటీ 3.3 పెరుగుతుంది. మీ 36 అసలు 33 కావచ్చు.

శిలీంధ్రం: మళ్లీ పూసలేనా? అడుగుతున్నది బతికుందా లేదా అని.

ల్యాబ్‌నోట్: పూసలతోనే తీశాం. ఎన్‌టీసీ (శాంపిల్ డీఎన్‌ఏ వేయని బావి) శుభ్రంగా ఉంది. ఇంటర్నల్ కంట్రోల్ (పీసీఆర్ సరిగా నడిచిందో చూడటానికి కలిపే డీఎన్‌ఏ) 2 సైకిళ్లు ఆలస్యం.

పూసలు: చూశారా, ఇన్హిబిషన్! శాంపిల్‌లో ఏదో పీసీఆర్‌కి అడ్డుపడుతోంది. అడ్డుపడుతున్నా 36 వచ్చిందంటే సరుకు ఎక్కువే ఉంది. 1:10 పలుచన చేసి పెట్టండి.

శిలీంధ్రం: 36 దగ్గర పదోవంతు చేస్తే బావిలో కాపీలే మిగలవు. మిగిలిన ద్రవం నుంచి మళ్లీ తీయాలి, ఒక వాష్ ఎక్కువ వేసి. ఎక్స్‌ట్రాక్షన్ బ్లాంక్ (స్వాబ్ లేకుండా మొదటి నుంచి అలాగే తీసిన ఖాళీ శాంపిల్) పెట్టారా? ఎన్‌టీసీ మాస్టర్ మిక్స్ (పీసీఆర్ రసాయనాల మిశ్రమం) సంగతే చెబుతుంది, డీఎన్‌ఏ తీసేటప్పుడు బయటినుంచి కలిసింది దానికి తెలీదు.

రీడింగ్‌రూమ్: కల్చర్ ఏ మీడియంలో?

ల్యాబ్‌నోట్: మామూలు సబురో (శిలీంధ్రాలు పెంచే మీడియం) ప్లేట్. బ్లాంక్ పెట్టలేదు.

పూసలు: ప్లేట్ మీద వేసి లేదంటే ఎలా? 10 శాతం ఉప్పు, డల్సిటాల్ (ఒక రకం చక్కెర ఆల్కహాల్) ఉన్న బ్రాత్‌లో (ద్రవ మీడియం) 40 డిగ్రీల్లో, 250 ఆర్‌పీఎంలో తిప్పుతూ 14 రోజులు చూడాలి.

శిలీంధ్రం: 14 రోజులు! అన్నాళ్లూ రోగిని ఒంటరి గదిలో పెడతారా, పీసీఆర్‌లో ఆలస్యంగా లేచిన రెండు గీతలు చూసి? తర్వాత కల్చర్ నెగెటివ్ వస్తే తిట్లు తినేది ల్యాబ్ వాళ్లే, ఎప్పుడూ అంతే.

పూసలు: అదీ మీ బాధ! మీ పేచీ సీటీతో కాదు, గదితో. ఈ ఈస్ట్ పొడి మంచం కమ్మీ మీద వారాల తరబడి బతుకుతుంది, ఫ్లుకొనజోల్‌కి (శిలీంధ్రాల మందు) చాలావరకు లొంగదు. పక్క మంచానికి పాకితే ఆ తిట్లు ఎవరు తింటారు?

వార్డుడ్యూటీ: మాకు ఇవాళ రాత్రి రోగిని ఎక్కడ ఉంచాలో చెప్పండి చాలు.

శిలీంధ్రం: ‘డీఎన్‌ఏ కనబడింది, కల్చర్ పెండింగ్, మళ్లీ స్వాబ్ పంపండి’ అని రాయండి.

పూసలు: అది చదివి ఎవరూ గది మార్చరండీ. గది మార్చమని కూడా అందులోనే రాయాలి.

శిలీంధ్రం: అది రాయాల్సింది ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు, మనం కాదు.