రెండు ఇంజన్లనూ విప్పి బిగించిన తర్వాత పడవను తొలిసారి బయటికి తీసుకెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

కొత్తరింగులు అనే మారుపేరుతో ఒకరు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా పడవ పొడవు 32 అడుగులు. అందులో 5.7 లీటర్ల వి-8 పెట్రోల్ ఇంజన్లు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒక్కొక్కటీ గేర్‌బాక్సు ద్వారా నేరుగా తన షాఫ్టును, ప్రొపెల్లరును తిప్పుతుంది. సముద్రపు నీటినే బ్లాకులోకి పంపి చల్లబరిచే పద్ధతి కనుక రేడియేటరు వంటిది వేరుగా ఏమీ లేదు. రెండు ఇంజన్లూ ఆయిల్ తాగుతూ, నీలిరంగు పొగ వదులుతూ ఉండటంతో కంప్రెషన్ చూశాను. రెండూ బోరుకు వచ్చాయని తేలింది. ఏడు నెలలు కష్టపడి సిలిండర్లను బోరింగ్ చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త బేరింగులు వేశాను. క్రాంక్ షాఫ్టులను గ్రైండింగ్ చేయించాను. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులు బాగానే ఉన్నందున పాతవే ఉంచి, వాటి ఉబ్బుల (లోబుల) మీద ఆనుకుని కదిలే టాపెట్లకు నంబర్లు వేసుకుని ఏ లోబ్ మీదివి ఆ లోబ్ మీదికే చేర్చాను.

పడవ ఒడ్డు మీద ఉండగానే డ్రమ్ములో నీళ్లు పెట్టి ఒక్కో ఇంజన్‌ను పది నిమిషాల చొప్పున నడిపాను. చప్పుడు బాగుంది, వేడెక్కిన తర్వాత కూడా ఆయిల్ ప్రెషర్ బాగుంది. వచ్చే వారం నీటిలోకి దింపుతున్నాను. మొదటిసారి ఎంత దూరం వెళ్లవచ్చు, ఎంత వేగంతో నడపాలి, రింగులు సర్దుకునే వరకు ఎన్ని గంటలు జాగ్రత్తగా ఉండాలి? ఏడు నెలలుగా ఎదురుచూస్తున్న ఇంటివాళ్లు తామూ వస్తామని పట్టుబడుతున్నారు. తీసుకెళ్లవచ్చా?

గ్రీజుచేతులు ఇచ్చిన జవాబు:

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను: తీసుకెళ్లవద్దు. మొదటిరోజు పడవలో ఉండవలసింది మీరూ, స్టీరింగ్ పట్టుకోగల మరొకరూ మాత్రమే. ఎందుకంటే మీరు సగం సమయం ఇంజన్ గది మూత తెరిచి తల లోపల పెట్టి కూర్చుంటారు.

ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా నేను గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. కొత్తగా బిగించిన ఇంజన్ మొదటి ప్రయాణంలో లోపలి భాగాల వల్ల ఆగిపోవడం చాలా అరుదు. బేరింగుకూ పిస్టనుకూ కొలతలు తీసి, రెండుసార్లు సరిచూసి బిగిస్తాం కాబట్టి అక్కడ సాధారణంగా పొరపాటు జరగదు. ఇంజన్ బయటికి రావడానికి అడ్డమని విప్పి పక్కన పెట్టిన హోసులు, క్లాంపులు, ఎర్తు వైర్లు, ఇంధన గొట్టాలు, షాఫ్టును గేర్‌బాక్సుకు కలిపే కప్లింగులే ఇబ్బంది పెడతాయి. వాటిని చివరి రోజుల్లో, అలసిపోయి, చీకటి పడుతుండగా బిగించి ఉంటాం.

అందులోనూ కప్లింగును ఒడ్డు మీద సరిచేసి సరిపోయిందనుకోకండి. ఆసరాల మీద నిలబెట్టిన పడవ అడుగు ఒక ఆకారంలో ఉంటుంది, నీటిపై తేలినప్పుడు కొద్దిగా మారుతుంది. పడవను దింపాక ఒకటి రెండు రోజులు నీటిలోనే ఉంచి, ఆ తర్వాత కప్లింగు బోల్టులు వదులు చేసి, రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకు) పెట్టి నాలుగు వైపులా చూడండి. ఎక్కడ కొలిచినా తేడా 0.08 మిల్లీమీటర్లకు మించకూడదని చాలా తయారీదారులు అంటారు. అంతకంటే ఎక్కువ ఉంటే ఇంజన్ మౌంటుల దగ్గర సరిచేయాలి. లేకపోతే గేర్‌బాక్సు వెనుక సీలు, షాఫ్టు పడవ బయటికి పోయేచోట నీటిని ఆపే గ్లాండు ఒకదాని తర్వాత ఒకటి పాడవుతాయి, మీరేమో ప్రొపెల్లర్ వంగిందేమోనని వెతుకుతుంటారు.

పెట్రోల్ ఇంజన్ కనుక మరో మాట. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది కావడం వల్ల పడవ లోపలి అడుగుభాగమైన బిల్జ్‌లోనే పేరుకుంటుంది. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ గది గాలిని బయటికి లాగే బ్లోవర్‌ను కనీసం నాలుగు నిమిషాలు నడపండి. బ్లోవర్‌ను నమ్మి ఊరుకోకుండా మూత తెరిచి స్వయంగా వాసన చూడండి. ఇంధన గొట్టాలు విప్పి బిగించిన పడవకు ఆ వాసన చూడటం మరీ ముఖ్యం.

అడగడం మరిచాను: నీటి పంపుల్లోని పాత ఇంపెల్లర్లను (నీటిని నెట్టే రబ్బరు రెక్కల చక్రాలను) తీసినప్పుడు వాటి రెక్కలన్నీ ఉన్నాయా?

ఎదురుగాలి ఇచ్చిన జవాబు:

పైన చెప్పినదంతా నిజం. నా అనుభవం ఒకటి జోడిస్తాను. అది పూర్తిగా నా తప్పే.

నేను ఇంజన్ బిగించి నీటిలోకి దింపిన రోజు అది స్టార్ట్ కాలేదు. సిలిండర్లకు స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటర్‌ను అర చుట్టు తేడాగా పెట్టానని తర్వాత తెలిసింది. తెలిసేలోపు పదిసార్లో పదిహేనుసార్లో సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ స్టార్ట్ కాకపోయినా క్రాంక్ తిరుగుతున్నంతసేపూ నీటి పంపు తిరుగుతూ ఎగ్జాస్ట్ గొట్టంలోకి నీళ్లు పోస్తూనే ఉంటుంది. ఆ నీటిని బయటికి నెట్టవలసిన పొగ ఒత్తిడి మాత్రం ఉండదు. సైలెన్సర్ నిండింది. గొట్టం నిండింది. నీళ్లు తెరిచి ఉన్న వాల్వుల గుండా సిలిండర్లలోకి చేరాయి. చివరిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు 'టక్' మని ఒక్క చప్పుడు వచ్చి క్రాంక్ ఆగిపోయింది. నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి ఆ దశలో ఇంకా బలవంతం చేసి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగేది. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి సెల్ఫ్ కొడితే ఐదో సిలిండరు నుంచి ఉప్పునీళ్లు పిచికారీలా ఎగిరి నా ముఖానే పడ్డాయి. వెంటనే ప్రతి సిలిండరులో ఆయిల్ పోసి తిప్పి, ఆ సాయంత్రమే ఇంజన్‌ను నడిపి ఆరబెట్టాను కనుక బతికింది. ఉప్పునీటిని ఒక్క వారం అలాగే వదిలితే కొత్త రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకుపోయి ఉండేవి.

అందువల్ల మొండికేసిన ఇంజన్‌కు సెల్ఫ్ కొట్టవలసి వచ్చినప్పుడు ముందు సీకాక్ (సముద్రపు నీరు లోపలికి వచ్చేచోట ఉండే కవాటం) మూసేయండి, ఇంజన్ అందుకున్న మరుక్షణం తెరవండి. తెరవడం మరిస్తే ఇంపెల్లర్ రబ్బరు ఎండి నిమిషంలోపే చిరిగిపోతుంది. మరిచిపోకుండా ఉండటానికి నేను ఇంజన్ తాళంచెవిని మూసిన సీకాక్ పిడికి తగిలిస్తాను. ఆ చెవి తీయాలంటే చేయి అక్కడికి వెళ్లక తప్పదు.

ఏ దిక్కుకు వెళ్లాలో కూడా ఆలోచించండి. గాలికి, ప్రవాహానికి ఎదురుగా బయలుదేరితే రెండు ఇంజన్లూ ఆగిపోయినా పడవ తేలుతూ మీరు బయలుదేరిన వైపుకే వస్తుంది. లంగరు తాడు చిక్కులు విప్పి ముక్కు దగ్గర సిద్ధంగా ఉంచండి. రేడియోను బయలుదేరే ముందే పరీక్షించి, ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్‌లో ఉంచండి.

గట్టిబిగింపు ఇచ్చిన జవాబు:

వేగం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తాను. కొత్త ఇంజన్ అంటే గాజు వస్తువన్నట్టు గంటల తరబడి నెమ్మదిగా నడిపేవారిని చాలామందిని చూశాను. రింగులకు అది మేలు చేయదు. హోనింగ్ చేసిన (సానరాళ్లతో రుద్దిన) సిలిండరు గోడ మీద సన్నని అడ్డగీతలు ఉంటాయి. రింగు వెనుకకు మండే వాయువు ఒత్తిడి చేరి దాన్ని గోడకు అదిమినప్పుడే ఆ గీతల కొసలు అరిగి రింగూ గోడా ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఆ ఒత్తిడి బరువు మోస్తున్నప్పుడే వస్తుంది. పనిలేకుండా ఐడిలింగ్‌లో గంటలు గడిపితే ఆయిల్ కాలి గోడ మీద గట్టి నునుపు పొర కడుతుంది. ఆ తర్వాత రింగులు ఎన్నటికీ కూర్చోవు, పొగ మళ్లీ మొదలవుతుంది. మీ ఏడు నెలల శ్రమ వృథా అవుతుంది.

మీ తరహా ఇంజన్లకు తయారీదారులు చెప్పే లెక్క ఇది. మొదటి 20 గంటలు సర్దుకునే కాలం. అందులో మొదటి 10 గంటలు ముప్పావు థ్రాటిల్ దాటకూడదు, 1500 ఆర్‌పీఎం (నిమిషానికి 1500 చుట్లు) కంటే కింద ఎక్కువసేపు ఉంచకూడదు, ఒకే వేగంలో బిగించి వదిలేయకూడదు. ఆ తర్వాతి 10 గంటల్లో అప్పుడప్పుడూ ఫుల్ థ్రాటిల్ ఇవ్వవచ్చు కానీ ఒక్కసారికి ఐదు నిమిషాలకు మించనివ్వకండి. కనుక ఇంజన్ వేడెక్కిన తర్వాత మోస్తరు థ్రాటిల్‌తో పడవను నీటి మీద జారేలా పైకి లేపి, 2800కూ 3400కూ మధ్య పెంచుతూ తగ్గిస్తూ నడపండి. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ 4400 నుంచి 4800 వరకు తిరుగుతుందో లేదో చూసే పని మరో రోజుకు పెట్టుకోండి. ఈ 20 గంటలూ ఖనిజ నూనెనే వాడండి, సింథటిక్ జోలికి వెళ్లకండి.

క్యామ్‌షాఫ్టులు పాతవని రాశారు కాబట్టి సరిపోయింది. కొత్త ఫ్లాట్ టాపెట్ క్యామ్ వేసి ఉంటే మొదటి స్టార్టులోనే 2000 ఆర్‌పీఎం పైన 20 నిమిషాలకు తక్కువ కాకుండా నడపవలసి వచ్చేది, మీ పది నిమిషాల పరుగుతో లోబులు అరిగిపోయేవి.

గ్రీజుచేతులు:

మొదటి అరగంట మినహాయించి గట్టిబిగింపు గారితో ఏకీభవిస్తాను. రింగులు అరగంట ఆలస్యంగా సర్దుకున్నా నష్టం లేదు కానీ ఊడిపోయిన హోసు అరగంట ఆగదు. రేవుకు కట్టి ఉంచిన పడవలోనే గేరు వేసి చూడండి, తర్వాత నెమ్మదిగా బయటికి రండి, రేవు కనిపిస్తుండగానే ఒకసారి ఆపి మూత తెరిచి అంతా తడిమి చూడండి. అప్పుడు వేగం పెంచండి. ఒక్కో ఇంజన్‌తో పడవ ఎలా తిరుగుతుందో కూడా ఆ రోజే తెలుసుకోండి. ఒకటే పనిచేస్తున్నప్పుడు పడవ ముక్కు ఆగిన ఇంజన్ వైపుకు లాగుతుంది, స్టీరింగ్‌ను దానికి ఎదురుగా పట్టి ఉంచాలి. ఆపిన ఇంజన్ గేర్‌బాక్సు షాఫ్టు ఖాళీగా తిరగడాన్ని తట్టుకుంటుందో లేదో పుస్తకంలో చూడండి. వేరే పడవతో లాగించుకోవలసి వస్తే ఆగిన ఇంజన్ సీకాక్ మూయడం మరవకండి.

కొత్తరింగులు:

నిన్న వెళ్లి వచ్చాను. ఇంటివాళ్లను రేవు మీదే నిలబెట్టాను. అలిగారు, అయినా సరే.

కప్లింగుల్లో కుడివైపుది సరిపోయింది, ఎడమవైపుది 0.2 మిల్లీమీటర్ల తేడా చూపింది. మౌంటులు సర్ది బిగించడానికి ఒక పూట పట్టింది. ఉదయం గాలికి ఎదురుగా బయలుదేరి, చెప్పినట్టే మొదట ఆగి మూత తెరిచాను. ఒక క్లాంపు దగ్గర బొట్లు బొట్లుగా నీరు, కుడి గ్లాండు దగ్గర నిమిషానికి రెండు మూడు చుక్కలు తప్ప అంతా పొడిగా ఉంది. క్లాంపు బిగించాను, గ్లాండు అలా కొద్దిగా కారడం మామూలే కనుక దాన్ని ముట్టుకోలేదు. తర్వాత థ్రాటిల్ పెంచితే పడవ ఏ తడబాటూ లేకుండా నీటిపైకి లేచింది. రెండు ఇంజన్ల వేగంలో చిన్న తేడా ఉన్నంతసేపూ 'వూఁ... వూఁ...' అంటూ ఒక మూలుగు పైకీ కిందికీ పోతూ వినిపించింది. లీవర్లు సర్దుతుంటే ఆ మూలుగు సాగి సాగి మాయమైంది. ఆ రోజంతటిలోనూ నాకు బాగా నచ్చిన క్షణం అదే.

3200 దాటగానే ఎడమ ఇంజన్ వేడి 60 డిగ్రీల నుంచి మెల్లగా 78కి చేరింది. కుడిది 60 దగ్గరే ఉంది. 2500కి దిగితే ఎడమది మళ్లీ తగ్గింది. మీటరు తప్పేమోనని రెండు ఎగ్జాస్ట్ హోసుల మీదా చేయి పెట్టి చూశాను. కుడిదాని మీద చేయి ఉంచగలిగాను, ఎడమదాని మీద రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను. ఆ ఇంజన్‌ను ఆపి, కుడిదానితోనే ఏడు నాట్ల వేగంతో రేవుకు తిరిగివచ్చాను.

గ్రీజుచేతులు గారూ, మీ ప్రశ్నకు నేను జవాబివ్వలేదు. పాత ఎడమ ఇంపెల్లర్‌కు రెండు రెక్కలు లేవు. కొత్తది వేశాక ఆ సంగతే మరిచిపోయాను. రేవులో గేర్ ఆయిల్ కూలరుకు నీళ్లు వచ్చే హోసును విప్పి టార్చి వేస్తే, సన్నని రాగి గొట్టాల ముఖానికి అడ్డంగా రెండు నల్లని రబ్బరు ముక్కలు అతుక్కుని ఉన్నాయి. తక్కువ వేగానికి చాలినంత నీరు వాటి పక్క నుంచి పోతోంది, ఎక్కువ వేగానికి చాలడం లేదు. శ్రావణంతో లాగితే ఒకటి నిండుగా వచ్చింది, రెండోది ముక్కలైంది.

గ్రీజుచేతులు:

ముక్కలైన రెక్కను పాత ఇంపెల్లర్ మొదళ్ల దగ్గర పేర్చి మొత్తం కలిసిందో లేదో చూడండి. ఒక్క చిన్న ముక్క తక్కువైనా అది కూలరు దాటి ముందుకు పోయి ఉంటుంది, ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే గది కూడా విప్పాలి.

కొత్తరింగులు:

పేర్చాను. గోరంత ముక్క తక్కువైంది. రేపు ఉదయం థర్మోస్టాట్ విప్పుతాను.