మొయినాబాద్ ఊరా, సిటీయా? అక్కడికి మారబోతున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణలంక_కుర్రోడు:
మాది విజయవాడ. నా భార్యకి హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది, నాది గచ్చిబౌలి. ఆ చుట్టుపక్కలే అద్దెకి దిగుదామని పోయిన ఆదివారం చూసొచ్చాం. ఏమీ అర్థం కాలేదండి. మెయిన్ రోడ్డు మీద టిఫిన్ సెంటర్లు, మొబైల్ షాపులు, అంతా టౌనే. రెండు వీధులు లోపలికి వెళ్తే చామంతి తోట, గేదెలు. ఇంకొంచెం వెళ్తే అరకిలోమీటరు పొడుగు ప్రహరీ, గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప మనిషి లేడు. గండిపేట చెరువు అవతల కోకాపేటలో ఆకాశం కనపడకుండా టవర్లు కడుతుంటే ఇక్కడ ఒక్క పెద్ద అపార్ట్‌మెంట్ కూడా కంటపడలేదు. ఎందుకిలా? ఎలాంటి జనం ఉంటారు? మా అమ్మ కూడా మాతో వస్తుంది, ఆవిడకి పలకరించే మనుషులు కావాలి.

మర్రినీడ:
అన్నా, నువ్వు అడిగినదానికి జవాబు 1908లో మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టు.

ఆ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మంది పోయారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపిస్తే, వరదని ఊరికి పైనే ఆపాలని ఆయన చెప్పాడు. అట్లా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మేం ఉస్మాన్‌సాగర్ అనం, గండిపేటే అంటాం. వరద ఆపడానికి కట్టినవి సిటీకి మంచినీళ్లు కూడా ఇచ్చాయి. 'గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ ఇడిచిపోడు' అని మా పెద్దోళ్లు ఊరికే అనలేదు.

మొయినాబాద్ ఈ రెండు చెరువుల నడుమ, వాటికి నీళ్లొచ్చే నేల మీద ఉంది. 1990ల్లో సిటీ ఇటువైపు జరగడం మొదలయ్యాక చెరువులు పాడైపోతాయని 1996 మార్చిలో 111 జీవో తెచ్చారు. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్లు, 84 ఊళ్లు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు. కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు వద్దు, పెద్ద హోటళ్లు వద్దు, పెద్ద కాలనీలు వద్దు. నీకు అపార్ట్‌మెంట్లు కనపడకపోవడానికి కారణం అదే. కోకాపేటలో ఆ టవర్లు లేచే భూమి ఆ జీవో గీతకి అవతల ఉంది. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది. గీతకి ఇవతల అదే సంవత్సరం మా మామ ఎకరంలో టమాటా పెట్టి కూలి డబ్బులు కూడా రాక పారబోసిండు.

ఊళ్ల పేర్లు చూడు, అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, ముర్తుజాగూడ, బాకారం జాగీర్. నిజాం కాలంలో సిటీ చుట్టూ ఉన్న జిల్లాని అత్రాఫ్ బల్దా అనేవారు, నిజాం సొంత ఖర్చులకి ఆదాయం పోయే భూములు అందులో చాలా ఉండేవి, మధ్యలో జాగీర్లు. 1949లో జాగీర్లు పోయాయి గానీ పేర్లు నిలిచాయి. రంగారెడ్డి జిల్లాకి ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డిది ఈ మండలంలోని పెద్దమంగళారమే. ఈ సంగతి సిటీలో పదిమందిని అడిగితే ఒక్కరికి తెలిస్తే గొప్ప.

చామంతి_మడి:
నువ్వు చూసిన తోట ఎవరిదో గానీ, మాలాంటివాళ్లదే అయి ఉంటుంది. మాకు రెండెకరాలు, చామంతి, బంతి, కొంచెం కొత్తిమీర. తెల్లారగట్ల మూడింటికి ట్రాలీ ఆటోలో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పోతాం. శ్రావణం, దసరా, దీపావళికి నాలుగు రూపాయలు కళ్లచూస్తాం. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి రేటు పడిపోతుంది, కోత కూలి గిట్టక తోటలోనే వదిలేసిన రోజులున్నాయి. కూరగాయలు వేసేవాళ్లు మెహిదీపట్నం రైతుబజారుకి పోతారు. గులాబీకి పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు షెడ్డు) వేసినవాళ్లకి పెట్టుబడి ఉంది, వాళ్ల లెక్క వేరు.

మర్రినీడ అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతా. 111 మంచిదా చెడ్డదా అంటే ఇంట్లోనే రెండు మాటలు. మా నాయన 'అది లేకుంటే ఎప్పుడో అమ్ముకుని, ఆ డబ్బులు తిని, ఇప్పుడు ఎవడి గేటు దగ్గరో కూర్చునేటోళ్లం' అంటాడు. మా తమ్ముడు 'సిటీ తాగే నీళ్ల కోసం మనం ఎందుకు బీదగా ఉండాలె' అంటాడు. ఇప్పుడు సిటీకి ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి నుంచే వస్తున్నాయి కదా అని వాడి వాదన. నేను మధ్యలో కూర్చుని అన్నం తింటా. కానీ ఒక్కటి చూడండి, పెద్ద గోడలు కట్టుకున్నవాళ్లని జీవో ఏం ఆపింది? పొలం అని చెప్పి ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. వాళ్ల బోర్లు మావాటి కంటే లోతు.

ప్లాటు_దెబ్బ:
అద్దెకైతే హాయిగా వెళ్లండి. కొనాలనే ఆలోచన ఉంటే మాత్రం ఆగండి. 2022 ఏప్రిల్‌లో 111 ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చి, 2023 మేలో 111ని పూర్తిగా తీసేస్తున్నామని కేబినెట్ చెప్పేసరికి నేను, మా బావమరిది టెన్షన్‌లో (రేట్లు పెరిగిపోతాయని) ఒక 'ఫామ్ ప్లాట్' కొన్నాం, గుంటల లెక్కన. రిజిస్ట్రేషన్ అయింది గానీ ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ లేదు, కలిసి కొన్న ఎకరంలో మా ముక్క ఎక్కడో కూడా తేలలేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తడు. 2024 ఆగస్టులో చిలుకూరు, ఖానాపూర్ వైపు గండిపేట ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు లోపల) కట్టినవాటిని హైడ్రా (చెరువుల ఆక్రమణలు తీసేసే సర్కారు సంస్థ) కూల్చేసింది, మాది అందులో లేదు గానీ ఆ వారం నిద్ర లేదు. లేఅవుట్‌కి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, ఎఫ్‌టీఎల్ మ్యాప్‌లో ఎక్కడ ఉంది, ఈ రెండూ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

కృష్ణలంక_కుర్రోడు:
కొనేది లేదులెండి, అంత డబ్బూ లేదు. నేను జస్ట్ అపార్ట్‌మెంట్లు ఎందుకు లేవని అడిగితే ఇంత కథ ఉందనుకోలేదు. మరి అమ్మ సంగతి? రోజూ గుడికి వెళ్లే అలవాటు ఆవిడకి.

అత్తాపూర్_అక్క:
తమ్ముడూ, నేను అక్కడ నాలుగేళ్లు టీచర్‌గా చేశాను, అందుకే చెప్తున్నా. చిలుకూరు బాలాజీ గుడి దగ్గరే. వీసా బాలాజీ అంటారు, హుండీ ఉండదు, మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. శుక్ర, శని, ఆదివారాలు అటు పోనివ్వొద్దు, కార్లతో కదలలేరు. మంగళ, బుధవారాల్లో ప్రశాంతంగా ఉంటుంది.

ఇల్లు ఊరి మధ్యలోనే చూసుకోండి, ఫామ్‌హౌస్‌ల వైపు వద్దు, అటు సాయంత్రం ఆరు తర్వాత పలకరించే దిక్కుండదు. ఊళ్లో అయితే మీ అమ్మగారికి వారంలో పదిమంది తెలుస్తారు. బోనాలు, బతుకమ్మ సరే, పీర్ల పండుగకి కూడా హిందువులు, ముస్లింలు కలిసే తిరుగుతారు. మాట తీరుకి మొదట్లో ఉలిక్కిపడతారేమో, 'ఏందమ్మా, ఎటు పోతున్నవ్' అన్నది గదమాయింపు కాదు, పలకరింపే అని ముందే చెప్పండి. పాలీహౌస్‌లలో పనికి బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి, మా క్లాసులో వాళ్ల పిల్లలు ఆర్నెల్లలో తెలుగు పట్టేసేవాళ్లు.

పేరుకి ఇప్పుడు మున్సిపాలిటీయే గానీ నీళ్లు రోజూ వస్తాయా, బోరు ఉందా అని ఇంటి ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్లని అడగండి. మీరు గచ్చిబౌలికి బండి మీదైతే పొద్దున ఏడున్నర లోపు బయల్దేరండి. చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ ఇరుకు, టిప్పర్లు ఎక్కువ, రాత్రిపూట అటు బండి వద్దు. మెహిదీపట్నం నుంచి బస్సులున్నాయి, పాతిక కిలోమీటర్లు. మా పాత ఓనరమ్మ కింద పోర్షన్ ఖాళీ అయిందన్నట్టు గుర్తు, కనుక్కుని మెసేజ్ పెడతా. గేదెలున్నాయి, పాలకి ఇబ్బంది ఉండదు, వాసన ఉంటుంది మరి.