ఈ వారం సమస్య: కాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

నిర్వాహకుడు:

నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోను తిరగేస్తుంటే ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. నెర్రెలు పారిన ఎండు చెరువు. మధ్యలో ఒంటరిగా ఒక రాయి. దాని వెనక ఎవరో నాగలి పట్టి దున్నినట్టు కనుచూపు మేర ఒక చాలు. మనిషి అడుగు లేదు, బండి జాడ లేదు. కింద ‘దెయ్యాల పని’ అని ఎవరో రాశారు. అసలు సంగతి వెతికి పట్టుకునేసరికి తెల్లారిపోయింది.

ఆ చోటు అమెరికాలో ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రం, డెత్ వ్యాలీ జాతీయ పార్కు, రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండు చెరువు. పొడవు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్లు. ఇంత మైదానంలోనూ ఆ కొసకూ ఈ కొసకూ ఎత్తులో తేడా 4 సెంటీమీటర్లే. కాబట్టి వాలుకు దొర్లాయనుకునే వీలు లేదు. మరి ఎలా నడిచాయి? కారణం నేనిప్పుడు చెప్పను, తెలిసినవాళ్ళు పద్యంలో చెప్పండి. రాళ్ళను ఇంకోలా నడిపించినా సంతోషమే.

సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. కాళ్ళు, లేని, రాళ్ళు, కదలి, నడచె: ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరం ‘కా’కు నాలుగో గణం మొదటి అక్షరం ‘క’తో యతి, అంటే అక్షరాల పొత్తు.

పాతబావి:

వాన నీరు నిలిచి పలుచని మంచుగా
మారి యెండ పొడకు మరల పగుల
గాలి తాకి దానిఁ గదిలించి నెట్టంగఁ
గాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

నిర్వాహకుడు:

పాతబావి గారూ, మొదటి పూరణలోనే గుట్టు విప్పేశారు! నీరు నిలవడం, మంచుగా మారడం, పగలడం, గాలి నెట్టడం అన్నీ జరిగిన వరసలోనే వచ్చాయి. ఒక్క మాట కూడా గణం నింపడానికి వచ్చినట్టు లేదు. ‘పలుచని’ అన్న విశేషణాన్ని మరీ మెచ్చుకుంటున్నాను, ఎందుకో కింద చెబుతాను.

కొత్తగా రాస్తున్నవారి కోసం ఒక సంగతి. ‘నెట్టంగన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట. ద్రుతం తరవాత పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కనుక సమస్యలోని ‘కాళ్ళు’ ఇక్కడ ‘గాళ్ళు’ అయింది. సమస్యను మార్చారని అనుకోకండి, అది వ్యాకరణం చేసిన మార్పు. గా–క ఒకే వర్గం కాబట్టి యతికి భంగం లేదు.

ఇక కథ. రిచర్డ్ నోరిస్, జిమ్ నోరిస్ అనే ఇద్దరు, తోటివారితో కలిసి, 2011లో అక్కడ వాతావరణ పరికరాలు పెట్టి, 15 రాళ్ళకు జీపీఎస్ అమర్చారు. అక్కడి రాళ్ళను ముట్టుకోవడానికి పార్కువాళ్ళు ఒప్పుకోకపోతే అలాంటివే బయటినుంచి తెచ్చుకున్నారు. ఆ తరవాత ఎదురుచూపులు. 2013 డిసెంబరులో వెళ్ళేసరికి చెరువులో కొద్ది సెంటీమీటర్ల లోతు నీళ్ళున్నాయి. రాత్రి గడ్డకట్టిన పొర పొద్దెక్కాక పెళపెళ విరిగింది. పెద్ద పెద్ద పలకలు గాలికి జరుగుతూ, అడ్డొచ్చిన రాళ్ళను బురదమీద తోసుకుపోయాయి. ఆ మంచు మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లు మాత్రమే! గాలి కూడా తుపాను గాలి కాదు, సెకనుకు 4–5 మీటర్లు. రాళ్ళ నడక నిమిషానికి 2 నుంచి 5 మీటర్లు. 2014 ఆగస్టులో వాళ్ళ పరిశోధన వ్యాసం అచ్చయింది. అందుకే, పాతబావి గారూ, మీ ‘పలుచని’ అంత విలువైన మాట.

గోరువంక:

నాకు రాళ్ళ నడక అనగానే సేతువే తోచింది.

కోతి మూక చేరి కొండల పెకలించి
తలలపైన మోసి తరలి రాగ
వార్ధి దాటు దారి వరుసగా వేయంగ
కాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

పాతబావి:

గోరువంక గారూ, ధార బాగుంది. నడిచింది కోతుల కాళ్ళు, పేరు రాళ్ళది. చిక్కు విడిపోయింది. అయితే పెకలించింది కొండల్ని, నడిచింది రాళ్ళు. ఆ రెంటికీ లంకె కుదరాలి. ‘కోతి మూక చేరి కొండరాళ్ళను దీసి’ అంటే యతి అలాగే ఉంటుంది, గణాలూ సరిపోతాయి: కొండరా రగణం, ళ్ళను దీసి సలము. మాట మధ్యలో గణం విరుగుతుందని జంకకండి, ఆటవెలదిలో అది మామూలే.

గోరువంక:

సవరించుకున్నాను. ధన్యవాదాలండీ.

చిరుగాలి:

నేను పద్యం రాయడం ఇది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

రాత్రి పూట చలికి నీరెల్ల గడ్డయి
ప్రొద్దు పొడుపు వేళ పొరలు విరిగి
తెరలు తెరలు గాగ తేలుచు సాగంగ
కాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

గోరువంక:

చిరుగాలి గారూ, మూడో పాదం ఎంత హాయిగా ఉందో! మొదటి పాదంలో యతి తప్పింది. ‘రా’కు ‘నీ’ కుదరదు. ‘రాత్రి చలికి నీరు రాయిలా బిగియంగ’ అని చూడండి. నీరే రాయి అయి, ఆ రాయి మరో రాయిని తోసిందన్న చమత్కారం కూడా వస్తుంది.

నిర్వాహకుడు:

గోరువంక గారి సూచనలో ఛందస్సు నిలిచింది, కానీ విషయం దగ్గర నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇన్నేళ్ళూ అందరినీ పక్కదారి పట్టించింది ఆ ఊహే. దళసరి మంచు రాళ్ళను పట్టి పైకి లేపిందని కొందరు, పెనుగాలి నెట్టిందని కొందరు తలపోశారు. తీరా చూస్తే కిటికీ అద్దమంత పలుచటి పొర. ‘రాయిలా’ అన్న ఒక్క పోలికతో పద్యం మళ్ళీ ఆ పాత ఊహలోకి జారిపోతుంది. అద్దం అనే మాటను తీసుకురాగలరేమో చూడండి.

చిరుగాలి:

‘అర్ధరాత్రి నీరు అద్దమై బిగియంగ’ అంటే?

పాతబావి:

పోలిక అందంగా ఉంది. అయితే ‘నీరు అద్దమై’ విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలపలేదు. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి తప్పదు. ‘నీరద్దమై’ అని కలిపితే గణం చెడుతుంది. ‘నీరు’ బదులు ‘నీరము’ తీసుకోండి:

అర్ధరాత్రి నీర మద్దమై బిగియంగ

నీరము + అద్దమై. సంధి జరిగింది, గణాలు నిలిచాయి. ‘మ’లో దాగిన ‘అ’కు మొదటి ‘అ’తో స్వరయతి కూడా చెల్లింది.

నిర్వాహకుడు:

ఈ పాదం పుట్టిన తీరు చూస్తే కడుపు నిండిపోయింది. యతి తప్పితే రాయి వచ్చింది, నిజానికి రాయి నప్పకపోతే అద్దం వచ్చింది, సంధి అడ్డుపడితే నీరము వచ్చింది. ముగ్గురు తలా ఒక చెయ్యి వేసిన పాదం ఇది. చిరుగాలి గారూ, మీ రెండో పద్యానికే ఇంత జరిగింది, రాయడం ఆపకండి.

వేసంగి:

నాది వేరే దారి. ఊరి పక్కన గుట్టలున్నవాళ్ళు ఎవరైనా చూసి ఉంటారు.

గుట్ట పగులగొట్టి కొలతగా లారీల
నింపి యూరు దాటి నిలువకుండ
బాట కింద పరచ బయలుదేరిన నాడు
కాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

గోరువంక:

చదివి కాసేపు ఊరుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఆకాశం ఉండాల్సినదానికన్నా పెద్దగా కనిపిస్తుంది, ఏం తగ్గిందో వెంటనే తెలియదు. ‘కొలతగా’ అన్న మాట గుండెను పట్టుకుంది. గుట్టను ఎవరూ కొలవరు, లారీని కొలుస్తారు.

పాతబావి:

భావం నన్నూ కదిలించింది. అన్వయంలో మాత్రం చిన్న లోపం ఉంది. కొట్టిందీ నింపిందీ మనుషులు. ఊరు దాటిందీ బయలుదేరిందీ ఎవరు? ‘నింపి, దాటి’ అని వరసగా క్త్వార్థకాలు (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియలు) వస్తే కర్త ఒకరే కావాలి. ఒక్క గుడి తీసేయండి, చాలు:

నింప నూరు దాటి నిలువకుండ

‘నింపన్’ అనగానే మనుషుల పని ముగిసింది. దాటడం, నిలవకపోవడం, బయలుదేరడం అన్నీ రాళ్ళవే అయ్యాయి. రాళ్ళు తమంతట తామే ఊరు విడిచిపోయినట్టు వినిపిస్తుంది. ‘నూరు’ను వంద అనుకోకుండా చదివేటప్పుడు ‘నింప’ దగ్గర ఆగాలి.

వేసంగి:

గుడి తీశాను. ఇప్పుడు నాకే ఎక్కువ బాధగా ఉంది.

నీటిబొట్టు:

మళ్ళీ ఆ ఎండు చెరువుకే వెళ్తున్నాను.

నడక చూచినట్టి నరుడొక్కడును లేడు
జాడ మాత్ర మచట చాల గలదు
నూరు వత్సరాలు నోరెళ్ళబెట్టించి
కాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

నిర్వాహకుడు:

‘నోరెళ్ళబెట్టించి’ పద్యంలో ఇమిడిన తీరుకు చప్పట్లు. లెక్క కూడా దాదాపు సరిపోయింది: ఈ జాడల గురించి మొదటి కబురు 1915 నాటిది, కళ్ళారా చూసింది 2013లో. మధ్యలో 1972 మొదలు ఏడేళ్ళపాటు బాబ్ షార్ప్, డ్వైట్ కేరీ అనే పరిశోధకులు 30 రాళ్ళకు పేర్లు పెట్టి, పక్కన గూటాలు పాతి గమనించారు. కదిలినట్టు తేలింది కానీ, కదులుతుండగా దొరకలేదు.

మొదటి పాదంలో ఒక్క మాట మార్చమంటాను. చుట్టూ ఉన్న రాళ్ళన్నీ ఒకే తీరున, అంత నెమ్మదిగా జరుగుతుంటే దూరాన నిలబడ్డ కన్నుకు అది కదలికని తోచదు. అంటే అంతకు ముందు వచ్చిన యాత్రికుల్లో కొందరు చూసి కూడా గుర్తుపట్టకపోయి ఉండవచ్చు. కనుక చూడలేదనడం కన్నా ఎరగలేదనడం నిజానికి దగ్గర:

నడక నెరిగినట్టి నరుడొక్కడును లేడు

నీటిబొట్టు:

చూడటం వేరు, ఎరగడం వేరు. తప్పకుండా మారుస్తాను.

పాతబావి:

అందరివీ చదివాక ఇంకొకటి వచ్చింది. మొదట ఆ ఫొటో కింద రాసిన మాట నన్ను వదలడం లేదు.

వింత వార్త పంచ వేయిమందికి చేరె
కథకు కారణంబు కదలలేదు
సత్యమునకు లేక సత్తువ నిలువంగఁ
గాళ్ళు లేని రాళ్ళు కదలి నడచె

నిర్వాహకుడు:

ఈ వారానికి ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ. రెండో పాదంలో ‘కదలలేదు’, నాలుగో పాదంలో ‘కదలి’. కదలాల్సింది ఆగిపోయింది, ఆగి ఉండాల్సింది కదిలింది. సమస్యలోని క్రియనే తాళంచెవిగా చేసుకున్నారు. ఆ ఫొటో నాకు చేర్చిన వారందరికీ మంచు సంగతి రాసి పంపాను. ఇద్దరు వెంటనే తిరిగి రాశారు: దెయ్యం కన్నా ఇదే బాగుందట.

వచ్చే వారానికి సమస్య, ఇదీ ఆటవెలదే:

చినుకు చినుకు తోడ చేప కురిసె